నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారు? అమెరికా అగ్నిమాపక గ్రాంట్ల లెక్క

అమెరికాలో ఏదో ఒక ఇల్లు అంటుకుందని ఫోను వస్తే, బయలుదేరే ఫైరింజన్‌లో ముగ్గురున్నారా నలుగురున్నారా అన్నది బయటివాళ్ళకు చిన్న సంగతిలా అనిపించవచ్చు. అక్కడి అగ్నిమాపక సిబ్బంది మాత్రం ఏళ్ళ తరబడి ఆ ఒక్క మనిషి కోసమే పోరాడుతున్నారు.

నలుగురుంటే పని ఇలా సాగుతుంది. ఒకరు పంపు దగ్గర నిలబడి నీటి ఒత్తిడి చూసుకుంటారు. బండికి పెద్దగా వచ్చిన అధికారి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి మంట ఎటు ఉంది, లోపల మనుషులెవరైనా ఉన్నారా అని చూస్తారు. మిగిలిన ఇద్దరూ వీపుకు గాలి సిలిండర్లు, ముఖానికి మాస్కులు తగిలించుకుని, గొట్టం పట్టుకుని తలుపు దగ్గర సిద్ధంగా ఉంటారు. ప్రాణాంతకమైన పొగలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదని అక్కడి కార్మిక భద్రతా నియమం. ఇద్దరు కలిసి లోపలికి వెళ్ళాలి. వాళ్ళు ఆపదలో పడితే ఆదుకోవడానికి మరో ఇద్దరు బయట ఉండాలి. ముగ్గురే వచ్చారనుకోండి. లోపల ప్రాణం చిక్కుకుందని తెలిస్తే నియమం మినహాయింపు ఇస్తుంది. తెలియకపోతే, రెండో బండి వచ్చేదాకా బయటి నుంచి నీళ్ళు కొడుతూ ఉండాల్సిందే. రెండో బండి ఆరు నిమిషాల దూరంలో ఉంటే ఆ ఆరు నిమిషాలూ ఇల్లు కాలుతూనే ఉంటుంది.

ఇది ఊహతో చెప్పే మాట కాదు. అమెరికా జాతీయ ప్రమాణాలు, సాంకేతిక సంస్థ మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక శిక్షణ కేంద్రంలో సాధారణ నివాస గృహం లాంటి కట్టడం మీద ప్రయోగాలు చేయించి, 2010లో ఫలితాలు ప్రకటించింది. గొట్టం లాగడం, నిచ్చెన వేయడం, వెతకడం వంటి 22 అత్యవసర పనులను నలుగురి జట్టు ఇద్దరి జట్టు కంటే 30 శాతం, ముగ్గురి జట్టు కంటే 25 శాతం త్వరగా పూర్తి చేసింది. పూర్తికాలపు సిబ్బంది ఉండే శాఖల కోసం అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం రూపొందించిన 1710 అనే ప్రమాణం కూడా బండికి కనీసం నలుగురు ఉండాలనే చెబుతుంది.

ఆ నాలుగో మనిషి అవసరమేనని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. చిక్కంతా ఆ మనిషి జీతం దగ్గరే.

మన దగ్గర అగ్నిమాపక శాఖ రాష్ట్ర ప్రభుత్వానిది. అమెరికాలో అది ఊరిది. దేశం మొత్తానికి ఒకే శాఖ అంటూ లేదు. సుమారు 29 వేల శాఖలు ఎవరికి వారే నడుస్తాయి. కొన్ని నగరపాలక సంస్థలవి, కొన్ని కౌంటీలవి, కొన్ని అగ్నిమాపక సేవల కోసమే ఏర్పడిన ప్రత్యేక జిల్లాలవి. చాలా పల్లెల్లో అది స్వచ్ఛంద సంఘం. ఈ ఏర్పాటుకు మూడు వందల ఏళ్ళ దగ్గర చరిత్ర ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన సంఘంలో ఉన్నవాళ్ళంతా ఇరుగుపొరుగువారే. అందరికీ జీతాలిచ్చి నడిపే శాఖను 1853లో సిన్సినాటి నగరం ఏర్పాటు చేసింది. ఇప్పటికీ దేశంలోని అగ్నిమాపక సిబ్బందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది స్వచ్ఛందంగా పనిచేసేవారే.

ఖర్చులో పెద్ద భాగం స్థానిక పన్నుల నుంచే, ముఖ్యంగా ఆస్తి పన్ను నుంచి వస్తుంది. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ పన్ను బరువు చెప్పనక్కరలేదు. ఇళ్ళ ధరలు పెరుగుతున్న శివారు పట్టణంలో శాఖకు కొత్త బండి, కొత్త స్టేషన్ వస్తాయి. ఫ్యాక్టరీ మూతపడి జనం వలసపోయిన ఊళ్ళో ఉన్న స్టేషనే మూతపడుతుంది. అగ్ని ప్రమాదాలు మాత్రం పాత ఇళ్ళు, పాత వైర్లు, ఖాళీ భవనాలు ఉన్న ఆ రెండో ఊరిలోనే ఎక్కువగా పొంచి ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం కలగజేసుకోవడానికి అసలు కారణం ఈ అసమానతేనని నా అభిప్రాయం.

ఆ కలగజేసుకోవడం కూడా ఆలస్యంగానే జరిగింది. 1974 నాటి చట్టంతో జాతీయ స్థాయిలో అగ్నిమాపక పరిపాలన విభాగం ఏర్పడింది గానీ, స్థానిక శాఖల చేతికి నేరుగా డబ్బిచ్చే పథకం అప్పుడు రాలేదు. 1999 డిసెంబరు 3న మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ నగరంలో, పాడుబడిన ఒక శీతల గిడ్డంగి తగలబడింది. లోపల నిలువ నీడలేనివాళ్ళు ఉన్నారేమోనని వెతకడానికి వెళ్ళిన ఇద్దరు సిబ్బంది పొగలో దారి తప్పారు. వాళ్ళ కోసం వెళ్ళినవారిలో మరో నలుగురు తిరిగి రాలేదు. ఆరుగురి మరణం దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడాది, 2000లో, రక్షణ బడ్జెట్ చట్టంలో భాగంగా అగ్నిమాపక సహాయ గ్రాంట్లు పుట్టాయి. వాటిని ఏఎఫ్‌జీ అంటారు. పరికరాలకు, రక్షణ దుస్తులకు, బండ్లకు, శిక్షణకు అవి డబ్బిస్తాయి. మనుషులను నియమించుకోవడానికి వేరే చట్టం కావలసి వచ్చింది. అది 2003లో వచ్చింది, దాని పేరు సేఫర్. 2005లో దానికి తొలిసారి 6.5 కోట్ల డాలర్లు కేటాయించారు. మూడోది అగ్ని నివారణ, పరిశోధనలకు ఇచ్చే చిన్న గ్రాంటు. ఈ మూడింటినీ విపత్తుల నిర్వహణ సంస్థ ఫెమా నడుపుతుంది.

ఇక సేఫర్ లెక్కలోకి వద్దాం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఒక ఊళ్ళో ముగ్గురితో తిరుగుతున్న బండిలో నాలుగో మనిషిని కూర్చోబెట్టాలనుకున్నారు. ఎంతమందిని తీసుకోవాలి? ఒకరు కాదు. అమెరికాలో ఎక్కువ శాఖలు 24 గంటల విధి, 48 గంటల విశ్రాంతి పద్ధతిలో మూడు షిఫ్టులుగా పనిచేస్తాయి. అంటే ఒక్క కుర్చీకి ముగ్గురు కావాలి. సెలవులు, జబ్బులు, గాయాలు, శిక్షణ రోజులు కలుపుకుంటే ఆ కుర్చీ ఎప్పుడూ నిండి ఉండడానికి నాలుగో ఉద్యోగీ కావాలి. ఒక్క బండిలో ఒక్క కుర్చీ నింపడానికి నలుగురి జీతం అన్నమాట.

లెక్క సులువు కోసం జీతం, ఆరోగ్య బీమా, పింఛను వాటా అన్నీ కలిపి కొత్త ఉద్యోగికి ఏడాదికి 80 వేల డాలర్లు అవుతుందనుకుందాం. నలుగురికి 3 లక్షల 20 వేలు. సేఫర్ నియామక గ్రాంటు మూడేళ్ళు నడుస్తుంది. మొదటి రెండేళ్ళు ఖర్చులో 75 శాతం, మూడో ఏడు 35 శాతం కేంద్రం భరిస్తుంది. మిగతాది ఊరిది. కాబట్టి ఊరి ఖజానా నుంచి మొదటి ఏడు 80 వేలు, రెండో ఏడు 80 వేలు, మూడో ఏడు 2 లక్షల 8 వేలు పోతాయి. నాలుగో ఏడు 3 లక్షల 20 వేలు మొత్తం ఊరే కట్టుకోవాలి. గ్రాంటు వచ్చినప్పుడు పత్రికల్లో కనిపించే అంకె 5 లక్షల 92 వేల డాలర్లు, అంటే కేంద్రం ఇచ్చేది. అదే మూడేళ్ళలో ఊరు పెట్టవలసిన 3 లక్షల 68 వేలు, ఆ తర్వాత ఏటేటా మోయవలసిన భారం సాధారణంగా ఆ వార్తలో కనిపించవు.

ఈ లెక్క కూడా జీతాలు పెరగవన్న ఊహ మీద వేసిందే. అసలు చట్టంలో కేంద్రం వాటాకు పెట్టిన పరిమితి, ఆ శాఖలో మొదటి ఏడాది ఉద్యోగికి మామూలుగా అయ్యే ఖర్చును బట్టి ఉంటుంది. రెండో ఏడు, మూడో ఏడు ఉద్యోగికి సర్వీసు పెరిగి జీతం పెరిగితే ఆ తేడా ఊరిదే. కొత్తవాళ్ళకు కొనే రక్షణ దుస్తులు, బూట్లు, వాళ్ళను తీర్చిదిద్దే అకాడమీ ఖర్చు నియామక గ్రాంటులోకి రావు. ఆ గ్రాంటు ఇచ్చేది జీతభత్యాలకే.

2003లో రాసిన మొదటి పద్ధతి వేరుగా ఉండేది. నాలుగేళ్ళ గ్రాంటులో కేంద్రం వాటా 90 శాతంతో మొదలై 80, 50, 30గా మెట్లు దిగేది. ఆ పైన ఐదో ఏడాది కూడా ఆ ఉద్యోగులను ఊరు తన ఖర్చుతో అట్టేపెట్టుకోవాలన్న షరతు ఉండేది. కాగితం మీద అది నాకు మెరుగ్గానే కనిపిస్తుంది. భారం కొద్దికొద్దిగా పెరుగుతుంది, ఊరు ముందే ఆలోచించుకుంటుంది. ఆచరణలో మాత్రం 2008 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. సొంత వాటా పెట్టుకోలేని ఊళ్ళు ఉన్నవాళ్ళనే తీసేసే స్థితికి చేరాయి. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్, ఊళ్ళు పెట్టవలసిన వాటా షరతులు సడలించింది, తొలగించబోయే ఉద్యోగులను నిలబెట్టడానికి కూడా గ్రాంటు వాడనిచ్చింది. డెట్రాయిట్ నగరం 2012లో పెద్ద ఎత్తున అగ్నిమాపక ఉద్యోగాలు కోయడానికి సిద్ధపడినప్పుడు, రెండు కోట్ల డాలర్లకు పైబడిన సేఫర్ గ్రాంటు వంద మందికి పైగా ఉద్యోగాలను కాపాడింది. మరుసటి ఏడాది ఆ నగరమే దివాలా పిటిషన్ వేసింది. ఆ కష్టకాలంలో ఆ డబ్బు లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే భయమేస్తుంది. కోవిడ్ సమయంలోనూ వాటా షరతులను ఇలాగే పక్కన పెట్టారు. ఇప్పటి 75-75-35 పద్ధతి కోవిడ్‌కు ముందే, 2008 సంక్షోభం నేర్పిన అనుభవం తర్వాత చట్టంలోకి వచ్చింది. గ్రాంటు గడువు ముగిశాక కూడా ఉద్యోగులను కొనసాగించి తీరాలన్న నిబంధన ఇప్పుడు లేదు.

ఒక నిబంధన మాత్రం గట్టిగా ఉంది. గ్రాంటు డబ్బు ఊరు తానే పెట్టవలసిన ఖర్చుకు బదులుగా వాడకూడదు. ‘కేంద్రం ఇస్తోంది కదా’ అని పాత జీతాల పద్దు తగ్గించి, మిగిలిన డబ్బుతో పార్కు కట్టుకోవడం కుదరదు. గ్రాంటు కాలమంతా మొత్తం సిబ్బంది సంఖ్య ఒప్పుకున్న స్థాయికి తగ్గకూడదు. ఎవరైనా పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీని నింపాలి. న్యాయమైన షరతే. కాకపోతే రెండో ఏడాది పన్ను రాబడి హఠాత్తుగా పడిపోయిన ఊరికి ఇది ఇరకాటం. ఖాళీ నింపితే బడ్జెట్ తేలదు, నింపకపోతే గ్రాంటు నిబంధన తప్పినట్టు. అలాంటి ఇబ్బందులకు మినహాయింపు అడిగే దారి చట్టంలో ఉంది గానీ, అది హక్కుగా వచ్చేది కాదు.

జీతాల గురించి ఇంత చెప్పాక శిక్షణ గురించి చెప్పకపోతే సగం మాటే అవుతుంది. సిబ్బంది సంఖ్య అందరి కళ్ళకూ కనిపిస్తుంది. శిక్షణ కనిపించదు, అందుకే బడ్జెట్ కోతల్లో మొదట పోయేది అదే. పైగా శిక్షణకు అయ్యే అసలు ఖర్చు బోధకుడి రుసుము కాదు. ఒక ఉద్యోగి రెండు రోజులు తరగతికి వెళితే ఆ రెండు రోజులూ అతని కుర్చీలో మరొకరు ఓవర్‌టైమ్ మీద కూర్చోవాలి. ముగ్గురితో నడిచే బండి నుంచి ఒకరిని శిక్షణకు పంపడమంటే ఆ బండిని ఆపేయడమో, పక్క స్టేషన్‌ను బతిమాలుకోవడమో. సిబ్బంది కొరత శిక్షణ కొరతను ఇలా పెంచుతుంది.

శిక్షణకు డబ్బిచ్చేది ప్రధానంగా ఏఎఫ్‌జీ. అందులో ఊరి వాటా తక్కువే. జనాభా 20 వేల లోపు ఉంటే 5 శాతం, పది లక్షల వరకు 10 శాతం, ఆ పైన 15 శాతం. పూర్తికాల శాఖలకు, స్వచ్ఛంద శాఖలకు, రెండూ కలిసిన శాఖలకు డబ్బులో తలా కనీసం 25 శాతం దక్కాలని చట్టమే చెబుతుంది. చిన్న ఊళ్ళను పెద్ద నగరాలు తోసివేయకుండా చేసిన ఈ ఏర్పాటు చాలా విలువైనదని నేను అనుకుంటాను. అయితే ఒకే ఊరు కొత్తవాళ్ళను నియమించుకుని వాళ్ళకు శిక్షణ కూడా ఇప్పించాలంటే రెండు పథకాలకు, రెండు వేర్వేరు గడువుల్లో, రెండు దరఖాస్తులు పెట్టుకోవాలి. ఒకటి వచ్చి రెండోది రాకపోతే ఊరు నడిమధ్యలో ఇరుక్కుంటుంది.

మేరీలాండ్‌లోని ఎమిట్స్‌బర్గ్‌లో జాతీయ ఫైర్ అకాడమీ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చే అధికారులకు అక్కడ రుసుము లేకుండా పాఠాలు చెబుతారు. 2025 మార్చిలో కేంద్ర ఖర్చుల సమీక్ష పేరుతో ఆ తరగతులను ఒక్కసారిగా రద్దు చేశారు. జూన్‌లో తిరిగి మొదలయ్యాయి. ఎన్నో నెలల ముందు నుంచి సెలవు, షిఫ్టు మార్పిడి ఏర్పాటు చేసుకున్నవారికి ఆ మధ్య కాలం ఎంత ఖరీదైనదో పైన చెప్పిన కుర్చీ లెక్కతోనే తెలుస్తుంది.

స్వచ్ఛంద శాఖల కథ ఇంకా కష్టమైనది. 1984లో దేశంలో దాదాపు 9 లక్షల మంది స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బంది ఉండేవారు. 2020 నాటికి వారి సంఖ్య 6 లక్షల 77 వేల దగ్గరికి దిగింది. అదే కాలంలో జనాభా పెరిగింది, అగ్నిమాపక శాఖలకు వచ్చే ఫోన్లు సుమారు మూడు రెట్లయ్యాయి. ఆ ఫోన్లలో మూడింట రెండు వంతుల దాకా మంటల గురించి కావు, గుండెనొప్పులు, కిందపడిన వృద్ధులు, ఊపిరాడని పిల్లలు. ఉద్యోగం ఊరికి దూరమై, రోజూ గంట ప్రయాణం చేసే మనిషి మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగితే ఎలా రాగలడు? పైగా ప్రాథమిక అర్హతకే వంద గంటలు దాటే శిక్షణ, అది కూడా రాత్రులూ వారాంతాలూ. దానికి జీతం లేదు.

అందుకే సేఫర్ నిధుల్లో కనీసం 10 శాతం స్వచ్ఛంద సిబ్బందిని చేర్చుకోవడానికి, నిలబెట్టుకోవడానికి ఇవ్వాలని చట్టం నిర్దేశిస్తుంది. ఈ విభాగంలో ఊరు వాటా పెట్టనక్కరలేదు, గడువు నాలుగేళ్ళ వరకు ఉంటుంది. ప్రచారానికి, శిక్షణకు, చదువు రుసుములకు, దీర్ఘకాలం సేవ చేసినవారికి ఇచ్చే ప్రోత్సాహకాలకు దీన్ని వాడవచ్చు. నన్ను అడిగితే మొత్తం పథకంలో ఇదే ఎక్కువ ఫలితమిచ్చే భాగం. ఇక్కడ మూడేళ్ళ తర్వాత విరుచుకుపడే జీతాల భారం లేదు. శిక్షణ పొందిన మనిషి ఊళ్ళో ఉన్నంతకాలం ఆ నైపుణ్యం ఊరిదే.

గ్రాంటు ఎవరికి వస్తుందన్నది ఇంకో ప్రశ్న. ముందుగా కేంద్ర ప్రభుత్వ నమోదు వ్యవస్థలో శాఖ పేరు నమోదై ఉండాలి. ఆ నమోదు గడువు తీరిపోవడం వల్లే ఆగిపోయే దరఖాస్తులు ఉంటాయి. ఆ తర్వాత అంకెల మీద ఒక వడపోత, దాన్ని దాటినవాటిని ఇతర ఊళ్ళ అగ్నిమాపక రంగంవారే చదివి మార్కులు వేస్తారు. సాటివారే తీర్పరులు కావడం మంచి పద్ధతి. వాళ్ళకు ‘మా పరిస్థితి దయనీయం’ అన్న వాక్యం సరిపోదు. నిరుడు ఎన్నిసార్లు ముగ్గురితోనే బండి బయలుదేరింది, రెండో బండి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, గ్రాంటు వస్తే ఆ అంకె ఎంతకు మారుతుంది, ఇవీ వాళ్ళు వెతికేవి. ఈ లెక్కలు రోజూ నమోదు చేసే గుమాస్తా ఉన్న శాఖకు దరఖాస్తు రాయడం వారం పని. పగలు వడ్రంగి పని చేసి రాత్రి రికార్డులు రాసే స్వచ్ఛంద అధిపతికి అది కొండంత పని. అవసరం ఎక్కువ ఉన్నచోటే దరఖాస్తు రాసే చేయి బలహీనంగా ఉంటుంది. చిన్న మొత్తాల అభ్యర్థనలకు ఏఎఫ్‌జీలో కొంత అదనపు ప్రాధాన్యం ఉంది గానీ అది ఈ లోటును పూడ్చలేదు.

ఉన్న డబ్బూ తక్కువే. 2024 జులైలో చట్టాన్ని పొడిగిస్తూ ఏఎఫ్‌జీకి, సేఫర్‌కు ఏటా 75 కోట్ల డాలర్ల చొప్పున 2028 దాకా కేటాయించవచ్చని కాంగ్రెస్ అనుమతించింది. అనుమతి వేరు, కేటాయింపు వేరు. 2023లో నిజంగా దక్కింది ఒక్కోదానికి 36 కోట్లు. 2024లో అది 32.4 కోట్లకు తగ్గింది. సేఫర్ డబ్బును 29 వేల శాఖలకు సమంగా పంచితే ఒక్కో శాఖకు పదకొండు వేల డాలర్ల చిల్లర వస్తుంది. పై లెక్కలోని ఒక్క ఉద్యోగి రెండు నెలల ఖర్చుకు కూడా అది చాలదు. స్థానిక శాఖలను నడిపే బాధ్యత కేంద్రం తీసుకోలేదు, తీసుకోవాలని కూడా ఎవరూ రాసుకోలేదు. ఊరు సొంతంగా ఎత్తుకోవలసిన భారానికి మొదటి మూడేళ్ళు చేయి ఆసరా ఇవ్వడమే దీని ఉద్దేశం.

మీరు ఆ దేశంలో ఉంటూ, మీ పట్టణ పాలక మండలి ఇలాంటి గ్రాంటును అంగీకరించే తీర్మానం పెడుతోందని తెలిస్తే, ఆ సమావేశానికి వెళ్ళండి. అది అందరికీ తెరిచే ఉంటుంది. నాలుగో ఏడాది మొత్తం ఖర్చు ఎంత, అది ఏ పద్దు నుంచి వస్తుంది, కొత్తవారి శిక్షణ, దుస్తుల ఖర్చు ఎక్కడ చూపించారు అని అడగండి. రాబోయే పదవీ విరమణల వల్ల మిగిలే జీతాలతో సర్దుకుంటామని కొన్ని ఊళ్ళు, పన్ను పెంపుపై ఓటింగు పెడతామని మరికొన్ని చెబుతాయి. రెండూ నిజమైన జవాబులే, అంకెలు కాగితం మీద ఉంటే. జవాబు లేకపోయినా గ్రాంటు వద్దనమని నేను చెప్పను. మూడేళ్ళపాటు నలుగురితో వెళ్ళిన బండి ఆ మూడేళ్ళలో ప్రాణాలు కాపాడగలదు. కానీ వేరే ఉద్యోగం వదులుకుని, కుటుంబంతో ఆ ఊరికి వచ్చి చేరబోయే ఆ నలుగురికీ తమ జీతం ఎన్నాళ్ళ వరకు ఖాయమో నియామక పత్రంలోనే రాసి ఇవ్వాలి. అది రాయించమని పట్టుబట్టే హక్కు పన్ను కట్టేవారందరికీ ఉంది.